అబూ నాసిర్ తాగని కాఫీ

ఆయన తాగలేదు. పెదవుల దాకా కూడా తీసుకెళ్ళలేదు. నేను పోసిచ్చిన ఫింజాన్‌ని, పిడి లేని ఆ చిన్న కప్పుని, మర్యాదగా కుడిచేత్తో అందుకున్నాడు, ఒక్క క్షణం దాని ఆవిరి చూశాడు, తన కాగితాల పక్కన బల్ల మీద పెట్టేసి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. అమ్మ బాబోయ్, అనుకున్నాను. పైకి అనలేదులెండి, పైకి అనే ఉద్యోగం కాదు నాది. హోటల్లో అరబ్బుల కాఫీ పోసేవాణ్ణి. గోడకి ఆనీ ఆనకుండా నిలబడాలి, ఎడం చేతిలో ఇత్తడి కాఫీ కూజా, కుడి చేతిలో ఒకదాంట్లో ఒకటి దూర్చిన కప్పులు, మొహంలో ఏమీ కనపడకూడదు. కానీ నా కళ్ళు ఆ కప్పు మీదే అతుక్కుపోయాయి. ఈ దేశాల్లో కాఫీకి ఒక పద్ధతుంది. చాలు అనుకున్నవాడు కప్పు అటూ ఇటూ ఊపుతాడు, ఊపనంతవరకూ నేను పోస్తూనే ఉంటాను, వాడి పొట్ట పగిలినా సరే. ఇది అందరికీ తెలిసిన ముచ్చటే. ఇంకోటుంది, అది పెద్దవాళ్ళది. వచ్చిన మనిషి కాఫీ తాగకుండా కింద పెట్టాడంటే, నీతో నాకొక పని పడింది, చేసిపెడతానని మాటిస్తేనే నీ ఇంటి కాఫీ ముట్టుకుంటాను అని. అప్పుడు ఇంటాయన "తాగు, నీ పని అయిపోయినట్టే" అనాలి. అనకుండా కూర్చుంటే, కాఫీ అలా చల్లారిపోతే, అడిగినవాడి పరువూ పోతుంది, అడిగించుకున్నవాడి పరువూ పోతుంది. దోహాలో ఎన్ని పెళ్ళిళ్ళకి, ఎన్ని పరామర్శలకి పోశానో, ఇలాంటిదొకటుందని వినడమే గానీ కళ్ళతో చూడ్డం ఇవాళే. అదీ ఇన్ని దేశాల పెద్దల ముందు.

పెద్దలంటే మామూలు పెద్దలు కాదు. బల్లకి ఆ చివర మా ఖతర్ వాళ్ళు, ఇంటివాళ్ళన్నమాట. వాళ్ళ మధ్యలో బంగారు జరీ అంచున్న నల్లటి పైవస్త్రం కప్పుకుని కూర్చున్నాయనే ఇంటాయన, ఈ సమావేశానికి అధ్యక్షుడు. కుడి పక్కన మిత్ర దేశాల వాళ్ళు, సూట్లూ యూనిఫారాలూ, అందరిలోకి ముందు ఇసక రంగు బట్టల్లో ఒక జనరల్, ఎండకి ముక్కు ఊడిపోయేలా కాలిపోయి ఉంది పాపం. ఎడం పక్కన కువైట్ వాళ్ళు. ఆగస్టులో ఇరాక్ సైన్యం ఊళ్ళోకొచ్చేస్తే కట్టుబట్టలతో దాటొచ్చిన ప్రభుత్వం వాళ్ళది, ప్రస్తుతానికి వాళ్ళకి ఫైళ్ళున్నాయి, దేశం లేదు. కాఫీ తాగని అబూ నాసిర్ వాళ్ళ పెద్ద. నెరిసిన గడ్డం, ఎడం కంటికి నీటి పొర, ఒకప్పుడు నీళ్ళూ కరెంటూ చూసే శాఖలో పెద్ద ఆఫీసరట. పైన మళ్ళీ విమానాల మోత. ఫిబ్రవరి కదా, యుద్ధం నడుస్తోంది కదా, మధ్యాహ్నం నమాజ్ అయిన దగ్గర్నుంచీ పోతూనే ఉన్నాయి ఉత్తరానికి. పగిలితే ముక్కలు ఎగరకుండా కిటికీ అద్దాలకి అంటించిన టేపు సన్నగా వణుకుతోంది. మొదట్లో ఆ మోతకి నా చేతిలో కప్పులు గలగలమనేవి, ఇప్పుడు చేతికి అలవాటైపోయింది, గుండెకే కాలేదు. ఇక్కడ వీళ్ళు మాట్లాడేది యుద్ధం గురించి కాదు, అది వేరే గదుల్లో వేరేవాళ్ళు చూసుకుంటారు. ఊరు తిరిగి చేతికొచ్చాక మొదటి పొద్దున్న ఏం చెయ్యాలి, నీళ్ళెవరు వదలాలి, రొట్టెలెవరు కాల్చాలి, ఆస్పత్రి తాళం ఎవరి దగ్గరుండాలి, వీధి మొగలో తుపాకీ పట్టుకుని ఎవరు నిలబడాలి, అవీ మాటలు. ఇంకా గెలవలేదు, ఎప్పుడు గెలుస్తారో తెలీదు, కానీ ఏ బేకరీకి పిండి ఎంతో ఇక్కడ తేలుస్తున్నారు. మొదటిరోజు నవ్వొచ్చింది నాకు, పెళ్ళి కుదరకుండానే వంటవాళ్ళని మాట్లాడుకున్నట్టుందని. రెండోరోజుకి నవ్వు పోయింది. ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా వీళ్ళకి, అనిపించింది. నిజం చెప్పాలంటే దణ్ణం పెట్టాలనిపించింది.

పిండి తేలింది, నీళ్ళు తేలాయి, ఇవాళ ఒకే ఒక్క ముక్క దగ్గర బండి ఆగిపోయింది. ఊళ్ళో కాగితాల్లేకుండా దొరికిన బయటి దేశం వాళ్ళని ఏం చెయ్యాలి? జనరల్ చెప్పేది ఒకటే. శత్రువు మనుషులు మామూలు బట్టలేసుకుని జనంలో కలిసిపోతారు, ఎవరెవరో తెలిసేదాకా కాగితం లేని ప్రతివాణ్ణీ ఎడారిలో ఒక క్యాంప్‌కి తరలించాలి, తీరిగ్గా విచారించాలి, మంచివాళ్ళయితే వదలాలి. మంచివాళ్ళయితే, అంట! సామ్రాజ్యం మంచిది కాదని ఎవడంటాడో చూస్తాను. సామ్రాజ్యం నా భార్య. కువైట్‌లో జాబ్రియా అనే పేటలో ఒక ఇంట్లో పని చేస్తుంది. ఇంకా అక్కడే ఉంది. ఉందనే అనుకుంటున్నాను, ఉంది, ఉంటుంది. ఆవిడకి పాస్‌పోర్టు లేదు. లేకపోవడమేం, ఉంది, గల్ఫ్‌లో మనబోటివాళ్ళ పాస్‌పోర్టు మన దగ్గర ఎప్పుడుంటుంది, యజమాని బీరువాలో ఉంటుంది, ఆ యజమాని ఆగస్టులో పిల్లల్నీ నగల్నీ కార్లో వేసుకుని సౌదీకి పారిపోతూ బీరువాలో ఉన్న బ్యాగు బ్యాగులాగే పట్టుకుపోయాడు. అందులో సామ్రాజ్యం పాస్‌పోర్టు కూడా పోయింది. పట్టుకుపోనిది ఒక్కర్తినే, వాళ్ళమ్మని. మామా హెస్సా అంటారావిణ్ణి, నడుం విరిగి మంచం పట్టిన ముసలావిడ, కార్లో కూర్చోబెడితే దారిలోనే ప్రాణం పోతుందని వదిలేశారు. అంటే సామ్రాజ్యానికి వదిలేశారు.

మనవాళ్ళందరూ వచ్చేశారు కదా, గవర్నమెంటు విమానాలు పెట్టింది కదా, పాస్‌పోర్టు లేకపోయినా ఏదో చీటీ రాసిచ్చి ఎక్కించారు కదా! కువైట్‌లో సామ్రాజ్యంతో స్నేహంగా ఉండి అమ్మాన్ మీదుగా వచ్చిన కడప నర్సు మెహర్ సుల్తానా బొంబాయిలో దిగి మొట్టమొదట నాకే ఫోన్ చేసింది, తను ఇంటికి కూడా వెళ్ళకుండా. "అన్నా, వదినను బస్సెక్కమని నేను గడ్డం పట్టుకుని బతిమాలినా. బస్సు తలుపు కాడ దాకా వచ్చె. వచ్చి, ముసలామెకి మధ్యాహ్నం మాత్ర ఎవరిస్తారు అని వెనక్కి పాయె" అంది. మాత్ర! నేను ఫోన్ పట్టుకుని ఎంత అరిచానో నాకే తెలీదు, పాపం ఆ పిల్ల మీద అరిచాను. మాత్ర కోసం మొగుణ్ణి వదిలేస్తారా, ఆవిడ నీకేమవుతుంది, మీ అమ్మా మీ అత్తా? అని. అరిచి అరిచి ఫోన్ పెట్టేసి ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో మా గదికి పోయి గోడకేసి తిరిగి పడుకున్నాను. పడుకుంటే ఏం కనపడింది? మా అమ్మ పక్షవాతంతో మంచంలో ఉన్నప్పుడు ఈ సామ్రాజ్యమే, కొత్త పెళ్ళికూతురు, నర్సాపురంలో మా ఇంట్లో లేసు అల్లికకి కూర్చుని, ఒక కన్ను దారం మీద, ఒక కన్ను అమ్మ మీద పెట్టుకుని, అమ్మ పెదవి కదిలితే చాలు మంచినీళ్ళు, వేలు కదిలితే చాలు పక్కకి తిప్పడం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ పొగడలేదు. అప్పుడు మాత్రం నాకది బంగారంలా అనిపించింది, పరాయి ముసలమ్మకి చేస్తే మాత్రం ఒళ్ళు మండింది. ఎంత స్వార్థం రా నీది జడ్సనూ, అనుకుని లేచి కూర్చున్నాను. అప్పట్నుంచీ కోపం పోయింది. కోపం పోతే భయం మిగిలింది, దాని కింద ఇంకోటి కూడా ఉంది, గర్వం. ఒక పెద్ద ఊరు ఊరంతా పరిగెత్తిపోతుంటే నర్సాపురం ఆడమనిషి ఒకత్తి బస్సు తలుపు దగ్గర్నుంచి వెనక్కి నడిచింది. నేనైతే ఎక్కేసేవాణ్ణి.

ఎవరికీ చెప్పలేదు నేను. శుక్రవారం శుక్రవారం అల్ సద్‌లో ఎడ్విన్ గారి ఫ్లాట్‌లో తలుపులు దగ్గరగా వేసుకుని ప్రార్థనకి కూర్చుంటాం మన గోదావరి వాళ్ళం. చివర్లో ఎడ్విన్ గారు ఒక్కొక్కరినీ అడుగుతారు, ప్రార్థన అంశాలేమైనా ఉన్నాయా అని. ఒకడికి వీసా, ఒకావిడకి గర్భసంచి, ఒకాయనకి తమ్ముడి తాగుడు. నా వంతు వచ్చేసరికి "ఏం లేదండీ, దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం" అంటాను. ఎంతమంది ముందు చెయ్యి చాపాలి? మా నాన్న ఇంతే, పడవ మునిగిపోతున్నా పక్క పడవవాణ్ణి పిలవడు. నలుగురూ అయ్యో అయ్యో అంటే ఏదో అయిపోయినట్టే ఉంటుంది, ఏమీ కాలేదు, ఏమీ కాదు. ఎడ్విన్ గారికి తెలుసనుకుంటాను, ఏమీ అడగరు, చెయ్యి మాత్రం కాస్త ఎక్కువసేపు పట్టుకుంటారు.

అబూ నాసిర్ మాట్లాడుతున్నాడు. గొంతు పెంచడు. ఒక్కో వాక్యం చెప్పి ఆగుతాడు, ఆయన వెనక కుర్చీలో హమీదుద్దీన్ దాన్ని ఇంగ్లీషు చేసి జనరల్ వైపు పంపిస్తాడు. మనవాడే హమీదుద్దీన్, కామారెడ్డి. అరబ్బీ మదరసాలో నేర్చుకున్నాడు, ఇంగ్లీషు నిజాం కాలేజీలో. దుబాసీ పని ఎంత గొప్పదో వాణ్ణి చూశాకే నాకు తెలిసింది. కోపం వస్తే కోపం, బాధ వస్తే బాధ, రవ్వంత ఎక్కువ కాకుండా, రవ్వంత తక్కువ కాకుండా. అబూ నాసిర్ "నేను" అంటే వీడూ "నేను" అంటాడు, మధ్యలో తనొకడున్నట్టే ఉండడు. పొద్దున్న వంటగదిలో టీ తాగుతూ నాతో అన్నాడు, "జడ్సన్ భాయ్, ఇయ్యాల ముసలాయన పట్టు పడ్తడు. నీ పని నువ్వు జేస్కో, పరేషాన్ గాకు. నేనున్న." వాడొక్కడికే తెలుసు సామ్రాజ్యం సంగతి. వాడికీ నేను చెప్పలేదు, మెహర్ సుల్తానా ఫోన్ చేసినప్పుడు పక్కనే ఉండి విన్నాడు.

"నా పెట్టెలో నాలుగు పాస్‌పోర్టులున్నాయి" అంటున్నాడు అబూ నాసిర్. నాకు అరబ్బీ వంటింటి వరకే వచ్చు, కానీ ఈ మాట అర్థమైంది, మిగతాది హమీదుద్దీన్ ఇంగ్లీషులోంచి ఏరుకున్నాను. "నావీ నా పిల్లలవీ కావు. నా డ్రైవర్‌ది, నా వంటవాడిది, తోటమాలిది, నా మనవణ్ణి పెంచిన ఆయాది. ఆ రోజు పొద్దున్న చేతికందిన బ్యాగు పట్టుకుని బయల్దేరాను. సరిహద్దు దాటాక తెరిచి చూస్తే అవి ఉన్నాయి. మేం మనుషుల్ని అక్కడ వదిలేసి వాళ్ళ పుస్తకాలు తెచ్చుకున్నాం. ఇప్పుడు మీరు వెళ్ళి, పుస్తకం ఏదని వాళ్ళనడుగుతారా?" హమీదుద్దీన్ దాన్ని ఇంగ్లీషు చేస్తున్నాడు, "మేం" అన్న దగ్గర ఒక్క క్షణం ఆగాడు, అంతే. ఇంత పెద్దవాడు, ఇంతమంది పరాయివాళ్ళ ముందు, తన తప్పు తన నోటితో! నా యజమానులు ఎంతమందిని చూశాను నేను, ఒక్కడంటే ఒక్కడి నోట్లోంచి ఇలాంటి మాట రాలేదు. గోడ దగ్గర నిలబడిన నాకు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది, అదే సమయంలో ఆయన గడ్డం పట్టుకుని దులిపెయ్యాలనీ అనిపించింది. సామ్రాజ్యం పాస్‌పోర్టు కూడా ఎవడి పెట్టెలోనో ఇలాగే ఉంది, వాడు సౌదీలో ఏ తాయిఫ్ హోటల్లోనో ఇలా చెప్పుకుంటున్నాడో లేదో. అబూ నాసిర్ ఇంటాయన వైపు తిరిగాడు. "ఉండిపోయినవాళ్ళు ఏ దేశం వాళ్ళయినా ముందు నీళ్ళు, ముందు రొట్టె. క్యాంప్ వద్దు. ఇదే నా పని" అన్నాడు. అనేసి కప్పు వంక చూశాడు, ముట్టుకోలేదు.

జనరల్ చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడయితే మనసులో బూతులు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, వేరే ఊళ్ళో వేరే యుద్ధంలో ఇలాగే కాగితాలడక్కుండా వదిలేస్తే తన కుర్రాళ్ళు ఎలా చచ్చిపోయారో చెప్పాడు. ఒకడి పేరు కూడా చెప్పాడు. "అమాయకుల్ని నేను బాధపెట్టాలనుకోవడం లేదు. కానీ తలుపు అవతల ఎవరున్నారో నా కుర్రాడికి ఎలా తెలుస్తుంది? మీరు చెప్పండి, ఎలా తెలుస్తుంది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఇంటాయన జరీ అంచు సవరించుకున్నాడు. ఆయన మాట ఇవ్వాలి, కానీ ఇచ్చేస్తే నడవాల్సింది ఆయన సైన్యం ఒక్కటే కాదు, ఇన్ని దేశాల సైన్యాలు. ఇవ్వకపోతే ఎదురుగా కప్పు ఉంది. పాపం ఆయన పరిస్థితి చూస్తే జాలేసింది. జనరల్‌కి ఆ కప్పు సంగతే తెలీదు, ఆయన తన కాఫీ ఎప్పుడో తాగేసి కప్పులో పెన్సిలు పెట్టుకున్నాడు. అబూ నాసిర్ చెప్పడు, ఇంటాయన చెప్పడు, అది చెప్పుకునే విషయం కాదు. పైన ఇంకో విమానం పోయింది. కప్పులోంచి ఆవిరి రావడం ఎప్పుడో ఆగిపోయింది.

చల్లారిపోయింది. అయ్యో, పూర్తిగా చల్లారిపోయింది. మా ఇంట్లో ఇలా ఉంచుతారా? సామ్రాజ్యం చూస్తే ఊరుకుంటుందా? మా మావయ్య ఒకసారి ఆస్తి గొడవ మీద మా నాన్నతో మాట్లాడటానికొచ్చి, అరుగు మీద కూర్చుని, కాఫీ పక్కన పెట్టుకుని, అరుస్తూ అరుస్తూ తాగడమే మర్చిపోయాడు. ఇద్దరూ తువ్వాళ్ళు దులుపుకుని లేచేదాకా వచ్చింది. లోపల్నుంచి సామ్రాజ్యం, చేతిలో లేసు సూది అలాగే పట్టుకుని, గబగబా వచ్చింది. "చల్లారిపోయిన కాఫీ మనిషి ముందుంచుతారా ఎవరన్నా? ఏవండీ, చూస్తూ కూచుంటారేం, తియ్యండి ముందు, వేడిది తెస్తాను" అంది నాతో, వాళ్ళతో కాదు. నేను తీశాను. ఆవిడ వేడిది తెచ్చింది. మావయ్య ఆ వేడి కాఫీ ఊదుకుంటూ ఊదుకుంటూ ఉంటే అరవడానికి కుదర్లేదు. ఆ పూట గొడవ అక్కడితో ఆగింది. ఆవిడకి తెలిసే చేసిందా, తెలీక చేసిందా? అడిగితే, "మీకన్నీ కావాలండీ" అని సాగదీసింది. ఆ గొంతు. తియ్యండి ముందు. ఆ జాబ్రియాలో ఇప్పుడు కాఫీ గింజలెక్కడివి, పాలెక్కడివి, గ్యాసు ఉందో లేదో, ముసలావిడకి ఏం కాచి పోస్తోందో, తనేం తింటోందో. తియ్యండి, చల్లారిపోయింది, మనిషి ముందుంచుతారా ఎవరన్నా. మెత్తటి తివాచీ కాళ్ళ కింద. సబ్బు వాసన, యాలకుల వాసన, నెరిసిన గడ్డం పక్కగా, "మాఫ్ చెయ్యండి సర్" అనే అలవాటు గొంతులో. కప్పు నా చేతిలో ఉంది.

కప్పు నా చేతిలో ఉంది! నా చేతిలో, పోసింది పోసినట్టే, చల్లగా. బల్ల మీద అది ఉన్న చోట గుండ్రటి తడి మరక. ఓరి నాయనో, ఏం చేశాన్రా! ఇంటివాడి మనిషిని నేను. ఇంటివాడి మనిషి కప్పు తీసేస్తే, నీ పని నేను చెయ్యను, లేచి పో, అని ఇంటివాడు అన్నట్టే. ఎవరి పని? అక్కడ ఉండిపోయినవాళ్ళ పని. సామ్రాజ్యం పని. నా పెళ్ళాం తరఫున ఒక పెద్దమనిషి దేశాల ముందు పెట్టిన కోరికని నా చేత్తో నేను తీసి పారేశాను. కువైట్ వాళ్ళందరూ ఒక్కసారిగా తలలెత్తారు. ఒకతను కుర్చీ వెనక్కి జరిపాడు. ఇంటాయన మొహం ఎర్రగా కందిపోయింది. జనరల్ ఒక్కడే నా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు, "థాంక్యూ" అన్నాడు, కాఫీ మార్చడానికొచ్చాననుకుని. తిరిగి పెట్టెయ్యనా? పెడితే ఏమవుతుంది? పెట్టొచ్చా? ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నాకు కాఫీ నేర్పినవాడు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం వస్తుందని వాడూ అనుకుని ఉండడు. పారిపోదామనిపించింది, ఉత్తరాన అల్ ఖోర్ దాకా, ఇంకా పైకి సముద్రంలోకి.

అబూ నాసిర్ నన్ను చూస్తున్నాడు. కోపంగా కాదు. నేను ఏడుస్తున్నానని ఆయన చూపు చూశాకే నాకు తెలిసింది.

"ఏమైంది నీకు?" అన్నాడు అరబ్బీలో, మెల్లగా.

చెప్పకూడదు. గోడ మాట్లాడకూడదు. "ఏం లేదు సర్, బాగానే ఉన్నాం" అని నాలుక చివరిదాకా వచ్చింది. నా వంటింటి అరబ్బీలో ఒక్క మాట దొరకలేదు. దొరికింది తెలుగే. "అయ్యా, నా భార్య అక్కడే ఉందండి" అన్నాను. అంత పెద్ద హాల్లో, తెలుగులో, గట్టిగా. "పాస్‌పోర్టు లేదు. ఆవిడ యజమాని పట్టుకుపోయాడు. ఆయన తల్లి మంచంలో ఉంటే ఆవిణ్ణి చూసుకోడానికి ఉండిపోయింది. ఆవిడ్నే తలుచుకుంటూ నిలబడ్డాను. చల్లారిపోయిందని చెయ్యి దానంతటదే వచ్చేసింది. నేను తియ్యాలని తియ్యలేదండి. ఆ కోరిక నాది కూడానండి."

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు హమీదుద్దీన్ లేచి నిలబడ్డాడు. వాడి పని కాదది, వాడు అబూ నాసిర్ దుబాసీ, నా దుబాసీ కాదు, ఉద్యోగం పోయినా పోతుంది. గొంతు సవరించుకుని, ముందు అరబ్బీలో, తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు. "నా భార్య అక్కడే ఉంది" అన్నాడు. ఇతని భార్య అనలేదు. నా భార్య అన్నాడు. అబూ నాసిర్ మాటలు ఎలా చెప్పాడో అలాగే, ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా, చెయ్యి దానంతటదే వచ్చిందన్న ముక్కతో సహా. ఆ కప్పుకి అర్థమేమిటో కూడా ఇంగ్లీషులో రెండు మాటల్లో చెప్పాడు, నేనే చెప్పినట్టు. జనరల్ మొహంలో నవ్వు పోయింది. తన కప్పులోంచి పెన్సిలు తీసి పక్కన పెట్టాడు.

జనరల్ నా వైపే తిరిగి అడిగాడు. "నీ బాధ నాకు అర్థమైంది. కానీ నా కుర్రాడు ఆ ఇంటి ముందు నిలబడి ఉంటాడు. ఇరవై ఏళ్ళవాడు, భయంగా ఉంటుంది వాడికి. ఆవిడ దగ్గర కాగితం లేదు. లోపలున్నది ఆవిడేనని వాడికెలా తెలుస్తుంది?"

హమీదుద్దీన్ నాకు తెలుగులో చెప్పాడు. చెప్పి, "జెప్పు భాయ్, భయపడకు" అని గొణిగాడు, ఆ ముక్క మాత్రం వాడిదే.

ఏం చెప్పను? ఫొటో లేదు, కాగితం లేదు, సాక్షి లేడు. ఆలోచించానా అంటే లేదు, ఆవిడ ఎక్కడుంటుందో ఏం చేస్తుంటుందో అదొక్కటే కళ్ళ ముందుంది. "తలుపు కొట్టమనండి సర్" అన్నాను. "ముసలావిడ మంచం దిగలేదు. ఊళ్ళో మంచి చెడ్డా చూసి వెళ్ళిపోవాలనుకున్నవాళ్ళందరూ వెళ్ళిపోయారు. ఆ తలుపు ఎవరు తీస్తారో ఆవిడే నా భార్య."

హమీదుద్దీన్ మొదటిసారి వాక్యం సగంలో వదిలేశాడు. ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. పక్కనున్న సూటు మనిషి చెవిలో ఏదో అనబోతే జనరల్ చేత్తో వారించాడు. పెన్సిలు తీసుకుని కాగితం మీద అడ్డంగా ఒక గీత గీశాడు, కింద నాలుగు ముక్కలు రాశాడు, చదివాడు. ఇళ్ళల్లో రోగుల్నీ ముసలివాళ్ళనీ చూసుకుంటూ ఉండిపోయినవాళ్ళు ఏ దేశం వాళ్ళయినా ఆ ఇంట్లోనే ఉంటారు, సైనికులు నీళ్ళతో వెళ్ళి తలుపు కొడతారు, కాగితాల సంగతి తర్వాత. "దీనికి నేను మాటివ్వగలను. మిగతావాళ్ళ గురించి రేపు మళ్ళీ కొట్లాడుకుందాం" అన్నాడు. అబూ నాసిర్ అడిగిందంతా రాలేదు. కానీ ఇంటాయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినపడింది. ఆయన జరీ వస్త్రం ఒక పక్కకి నెట్టుకుని, బల్ల మీదికి వంగి, "ఇష్రబ్, యా అబూ నాసిర్" అన్నాడు. "తాగు. మీ ఇద్దరి పనీ నా మెడ మీద."

మీ ఇద్దరిదీ, అన్నాడు. నాకు చప్పున అర్థం కాలేదు. అబూ నాసిర్ చెయ్యి చాపేదాకా కప్పు ఇంకా నా చేతిలోనే ఉందని కూడా గుర్తు లేదు. వేడిది పోస్తానని సైగ చేశాను. అక్కర్లేదన్నట్టు తలూపి, ఆ చల్లటి కాఫీయే అందుకుని, కళ్ళు మూసుకుని చివరి చుక్కదాకా తాగేశాడు. హమీదుద్దీన్ కూర్చుని కళ్ళజోడు తీసి మొహం తుడుచుకుంటున్నాడు. ఇంక నేను గోడ దగ్గరికి వెళ్ళిపోవాలి. రెండడుగులు వెనక్కి వేశాను కూడా.

"ఆగు" అన్నాడు జనరల్. ఇంగ్లీషులో, నేరుగా నాతో, దుబాసీ వైపు చూడకుండా. కొత్త కాగితం ముందుకి లాక్కున్నాడు. "ఏ తలుపు?"

నేను ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. ఆవిడ ఫోన్‌లో చెప్పిందే తెలుసు, అదీ విసుక్కుంటూ వినేవాణ్ణి. ఇంటి గురించి ఎంత సేపు చెప్తావే, కార్డు అయిపోతుంది, అనేవాణ్ణి. కూజా బల్ల మీద పెట్టేశాను. పెట్టకూడదు, పెట్టేశాను. హాల్లో ఇన్ని దేశాల వాళ్ళు నా నోటి కోసం చూస్తున్నారు.

"జాబ్రియా సర్" అన్నాను. "మసీదు దాటాక ఎడం పక్క సందు. గేటు పక్కన మందారం మొక్క ఉంటుందట. దానికి రోజూ నీళ్ళు పోస్తుందట. ఎండిపోకుండా ఉన్న మొక్క ఎక్కడుంటే ఆ ఇల్లే, కొంచెం గట్టిగా కొట్టమనండి సర్, కుడి చెవి సరిగ్గా వినపడదు సామ్రాజ్యానికి."